ఖాళీ అనే జవాబు

మా అక్క ఆట మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. వయసు మీద పడింది, బుర్ర మందగించింది, అందుకే ఇలా తయారైందని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆ రోజు నేను కంకిపాడులో ఆటో దిగి గేటు తీసేసరికి అక్క వరండాలో మనవరాలు మేఘనతో కూర్చుని ఆడుతోంది. మేఘన నాలుగు రంగుల ప్లాస్టిక్ పుల్లల్ని ఒక మూత వెనక వరుసగా దాచింది. ఏయే రంగులు, ఏ వరుసలో ఉన్నాయో అక్క కనిపెట్టాలి. అక్క తన ఊహని చిల్లుల పలక మీద గుచ్చగానే ఆ పిల్ల పక్కన చిన్న పుల్లలు గుచ్చి జవాబిస్తోంది. నల్ల పుల్ల అంటే రంగూ సరే, చోటూ సరే. తెల్ల పుల్ల అంటే రంగు ఉంది కానీ చోటు అది కాదు. ఏమీ గుచ్చకపోతే ఏదీ లేదని. పిల్లలు పలక చివరిదాకా తిప్పలు పడే ఆటని అక్క నాలుగు వరుసల్లో తేల్చేసి మూత ఎత్తమంది.

“నానమ్మా, నువ్వు తొంగి చూశావు!”

“తొంగి చూడాల్సిన ఖర్మ నాకేంటే? అన్నీ నువ్వే చెప్పావుగా. విన్నాను, అంతే.”

అలా అని లేచి లోపలికి వెళ్ళి, స్టీలు డబ్బాలోంచి పచ్చటి పొడి తీసి, తేనెలో రంగరించి, కళ్ళు మూసుకుని నాకింది. రొమ్ములో గడ్డ ఉందని, ఆపరేషన్ చేయాలని, ఆలస్యం చేయవద్దని విజయవాడలో డాక్టరు చెప్పి అప్పటికి రెండు నెలలు దాటింది. పొడి ఇచ్చినాయన కత్తి పెట్టకుండా కరిగిస్తానన్నాడు. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మా అక్క, పక్కన పుల్ల లేకపోవడంలోంచి కూడా నిజాన్ని బయటికి లాగగల మా అక్క, ఆయన మాట పట్టుకుని కూర్చుంది. నేను ఆ చిల్లుల పలకని చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాను. ఈ ఆట మాకు ఇంత శుభ్రంగా, ఇంత ప్లాస్టిక్ వాసనతో పరిచయం కాలేదు.

పామర్రులో మా ఇంట్లో ఈ ఆటకి పలక లేదు, పుల్లలు లేవు. నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. విజయవాడలో ఎవరో స్నేహితుడింట ఈ ఆట చూసి వచ్చారు. కొనడం ఆయనకి చేతకాని పని, చేసుకోవడం చేతనైన పని. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న వామనగుంటల పీట గుంటల్లో గింజలు పోశారు. చింతపిక్కలు, గురివింద గింజలు, కుంకుడు గింజలు, సీతాఫలం గింజలు, బఠాణీలు, గవ్వలు. వీటిలోంచి నాలుగు తీసి వరసగా పేర్చి వాటి మీద పళ్ళెం బోర్లిస్తారు. మేము గచ్చు మీద సుద్దముక్కతో గీసిన గళ్ళలో మా ఊహని పేర్చాలి. జవాబుకి వడ్లగింజలు, బియ్యపుగింజలు. వడ్లగింజ పెడితే గింజా చోటూ రెండూ సరే. బియ్యపుగింజ పెడితే గింజ సరే, చోటు తప్పు. “పొట్టు ఊడిన గింజ ఇక మొలవదు, దాని చోటు పోయింది, అలా గుర్తు పెట్టుకోండి,” అనేవారు నాన్న. చుట్టూ వరిపొలాలున్న ఊళ్ళో పిల్లలకి ఆ మాట రెండోసారి చెప్పనక్కర్లేదు.

ఆదివారం మధ్యాహ్నాలు ఆట. అమ్మ కిరసనాయిలు స్టవ్వు ఆర్పి, వంటిల్లు కడిగి, తడి గచ్చు మీద గోనెపట్టా పరిచేది. పప్పులో వేసిన ఇంగువ వాసన, కడిగిన గచ్చు వాసన, కిరసనాయిలు వాసన కలిసి ఇల్లంతా ఒకలాంటి మగత ఆవరించేది. నాన్న చేయి కడుక్కుని తుండుగుడ్డకి తుడుచుకుని, పొడుం డబ్బా మీద రెండుసార్లు తట్టి, ఒక పట్టు పీల్చేవారు. పొడుం పీలిస్తే బుర్ర పదునెక్కుతుందని ఆయన విశ్వాసం. ఊళ్ళో ప్రతి విశ్వాసానికీ రుజువు అడిగే మనిషిని దానికి రుజువేమిటని అమ్మ అడిగితే, “తుమ్ము,” అనేవారు.

ఆ ఇంట్లో ఆట కంటే ముఖ్యమైంది ఒక కట్టుబాటు. గింజలు పేర్చిన వెంటనే జవాబు రాదు. నాన్న వడ్లగింజల్ని గుప్పిట్లో పట్టుకుని అడిగేవారు. “నువ్వేమనుకుంటున్నావో చెప్పావు. ఏ జవాబొస్తే ఆ అనుకోవడం మానేస్తావో అది కూడా చెప్పు. ముందే చెప్పు. జవాబు చూశాక చెప్పేది లెక్కలోకి రాదు.” అది చెప్పేదాకా గుప్పిట విప్పేవారు కాదు. నేను ఏడుపుమొహం పెట్టేదాన్ని. నాకు గురివింద గింజంటే ఇష్టం. మొదటి గడిలో గురివిందే ఉందని గట్టిగా అనిపించేది. బియ్యపుగింజ వస్తే, ఆ గింజ ఇంకోదాని గురించి వచ్చిందనుకునేదాన్ని. ఏమీ రాకపోతే నాన్న పరధ్యానంగా ఉన్నారనుకునేదాన్ని. నా గురివిందని కాపాడుకోవడానికి మిగతా గింజలన్నిటి మీదా నేరం మోపేదాన్ని. “గురివింద తన నలుపు తానెరగదంటారు. నువ్వు దాని నలుపుని కూడా ఎరుపని వాదిస్తున్నావే!” అని నవ్వేవారు.

అక్క అలా కాదు. తనకి ఏ గింజ మీదా మమకారం లేదు. ఒక్కోసారి తప్పని తనకే ఖాయంగా తెలిసిన వరసని కావాలని పేర్చేది. “అది కాదని తెలిసి ఎందుకే పెడతావు?” అని నేను గింజుకునేదాన్ని. “గెలవడానికి పెట్టలేదు. అడగడానికి పెట్టాను,” అనేది అక్క, జడ వెనక్కి విసురుకుంటూ. నాన్న గుప్పిట విప్పి ఏమీ పెట్టకుండా చేయి వెనక్కి తీసుకుంటే నాకు గుండె జారిపోయేది. ఒక్కటీ సరికాలేదే అని. అక్క మాత్రం పండగ వచ్చినట్టు చేసేది. “ఖాళీ వచ్చింది! నాలుగూ పోయినట్టే! ఇక వీటి మొహం చూడక్కర్లేదు.” వచ్చిన గింజల్ని అందరూ చదువుతారు, రాని గింజని చదివేవాడే ఆటగాడు అని నాన్న మాకు నేర్పారు. నేను నేర్చుకున్నాను. అక్క అలాగే పుట్టింది.

“మీకు ఖాళీ వస్తే సంబరం. నా బియ్యం డబ్బా ఖాళీ అయితే అప్పుడు చూస్తాను మీ సంబరం,” అనేది అమ్మ వక్కలు కత్తిరించుకుంటూ.

ఆ ఆటకి మా పక్కవీధి పాస్టరు గారు కూడా వచ్చేవారు. పొద్దున ప్రార్థన ముగించి, భోంచేసి, గొడుగు వేసుకుని సరిగ్గా గింజలు పేర్చే వేళకి దిగేవారు. వారమంతా ఆయనకీ నాన్నకీ బజార్లో వాదం. దేవుడున్నాడా, ఉంటే ఉప్పెనలో ఆయనేం చేస్తున్నాడు, ఇవీ మాటలు. ఆదివారం మాత్రం ఇద్దరూ పక్కపక్కన బాసిపట్లు వేసుకుని సీతాఫలం గింజల కోసం కొట్టుకునేవారు. ఒకసారి నాన్న ఆటలోనే అడిగేశారు.

“పాస్టరు గారూ, ఏ జవాబొస్తే మీ దేవుణ్ణి వదిలేస్తారో అది కూడా ఓసారి ముందే చెప్పండి, విని తరిస్తాను.”

“ఈ గింజల గురించి అడగండి మాస్టారూ, చెప్తాను. అది అడక్కండి. అక్కడ నేను ఆడడానికి కూర్చోలేదు.”

నాన్న ఆ మాటకి పెద్దగా నవ్వి, నెగ్గానని అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఎన్నో ఏళ్ళు హేతువాద సభల్లో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. పాస్టరు గారు చెప్పినదాంట్లో ఒక హెచ్చరిక ఉందని అప్పట్లో మా ఇద్దరికీ తోచలేదు.

ఒక ఆదివారం అక్క పేర్చడం ఆపేసి, గచ్చు మీది వరసల్ని చాలాసేపు చూసింది. తర్వాత సుద్దముక్క కింద పెట్టింది. “నాన్నా, ఈ మూడు జవాబులూ ఒకేసారి నిజం కావడానికి వీల్లేదు. మీరు ఎక్కడో తప్పు గింజ పెట్టారు.” నాన్నకి ఎదురు చెప్పడం మా ఇంట్లో నేరం కాదు, కానీ నాన్న తప్పు చేశారని ఎవరూ అంతవరకూ రుజువు చేయలేదు. పాస్టరు గారు పొడుం కోసం చాచిన చేయి అలాగే ఉండిపోయింది. నాన్న పళ్ళెం ఎత్తారు. కింద సీతాఫలం గింజ ఉంది; అక్క ఒక వరసలో పేర్చిన చింతపిక్కని కూడా ఆయన సీతాఫలం గింజే అనుకుని వడ్లగింజ పెట్టేశారు. రెండూ ముదురు రంగులో నిగనిగలాడతాయి, ఆయన కళ్ళద్దాలు తలుపు మేకుకి వేలాడుతున్నాయి.

“లోకమంతా వెతికి దేవుడి జాడ లేదని తేల్చినాయనకి సీతాఫలానికీ చింతపండుకీ తేడా తెలీలేదంట!” అన్నారు పాస్టరు గారు, కడుపు పట్టుకుని.

నాన్న ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. లేచి అక్క తల మీద చేయి పెట్టి, “జవాబు చెప్పేవాణ్ణి కూడా అనుమానించే పిల్ల ఇది. దీన్నిక ఎవడూ మోసం చేయలేడు,” అన్నారు. మర్నాడు స్కూల్లో ప్రతి క్లాసులోనూ చెప్పారు. నాన్న తన జీవితంలో ఎన్నో జోస్యాల్ని తప్పని నిరూపించారు. ఆయన చెప్పిన జోస్యం ఒకటే, అదీ తప్పింది.

నాన్న తరం వాళ్ళది ఒక అమాయకమైన లెక్క. బడి వస్తే దెయ్యం పోతుంది, ఆస్పత్రి వస్తే తాయెత్తు పోతుంది, పిల్లకి ప్రశ్నించడం నేర్పితే ఆ ఇంట్లో ఇక మూఢత్వం అడుగుపెట్టదు అనుకున్నారు. పాకల్లో, స్కూలు ఆవరణల్లో, అద్దె మైకులు పెట్టి అరిచారు. నేను ఆ అరుపుకి వారసురాలిని. ఇన్నేళ్ళు రాశాను, మాట్లాడాను, తిట్లు తిన్నాను. ఇప్పుడు ఆ లెక్క చూసుకుంటే ఒక్క గింజ సరిపోలేదు. పొడి ఇచ్చేవాడి ఇంటికి నేను కూడా ఒకసారి వెళ్ళాను, అక్కకి తోడుగా, తగువు పెట్టుకుందామని. కూచిపూడి దాటాక లోపలి రోడ్డు. గేటు ముందు కార్లు. లైనులో నిలబడ్డవాళ్ళలో సగం మంది నా పుస్తకాలు చదవగలిగినంత చదువుకున్నవాళ్ళు. చేతిలో ఫోను, ఫోనులో ఆయన వీడియోలు, వాటి కింద దండాలు పెట్టే బొమ్మలు. ఆయన గడ్డాలూ విభూతీ లేని మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. నొప్పి పెరిగిందన్న ఆమెకి, “మంచిదమ్మా, మందు గడ్డని పట్టుకుంది” అన్నాడు. తగ్గిందన్నాయనకి, “కరుగుతోందండీ” అన్నాడు. ఏ తేడా లేదన్న అక్కకి, “లోలోపల పని చేస్తోంది టీచర్‌గారూ, తొందరపడకండి” అన్నాడు. నేను వింటూ నిలబడ్డాను. ఈ మనిషి దగ్గర ఖాళీ అనే జవాబు లేదు. ఏ గింజ వేసినా వడ్లగింజే పెడతాడు. కాదు అని చెప్పడం చేతకాని నోటి నుంచి అవును అనే మాటకి విలువేముంటుంది? ఇది పదేళ్ళ వయసులో మా అక్కకి తెలిసిన సంగతి. అదే అక్క ఆయనకి దండం పెట్టి, “వస్తానండీ,” అని చెప్పులు వేసుకుంది.

ఇంటికొచ్చాక ఇద్దరం పోట్లాడుకున్నాం. నేను సభలో మాట్లాడినట్టే మాట్లాడాను, అదే నాకొచ్చిన భాష.

“నువ్వేనా ఇలా చేస్తోంది? నీ క్లాసులో పిల్లాడు ఇలాంటి రుజువు రాస్తే సున్నా వేసేదానివి కదక్కా!”

“వేసేదాన్నే.”

“మరి?”

“మీ బావకి ఆపరేషన్ చేయించాం. పెద్ద ఆస్పత్రి, పెద్ద డాక్టర్లు. నువ్వే పట్టుబట్టి చేర్పించావు. బల్ల ఎక్కించినప్పుడు మాట్లాడుతున్నారు. దించాక మాట్లాడలేదు. అదొక జవాబు కాదా?”

“ఒక్క వరస చూసి ఆట తేల్చేస్తారా ఎవరైనా?”

“ఆ వరస పక్కన స్టూలు మీద కూర్చున్నది నేనే. నువ్వు కాదు.”

 అయినా ఊరుకోలేదు. నాన్న అడిగినట్టే అడిగాను. ఏం జరిగితే ఈ పొడి పనిచేయడం లేదని ఒప్పుకుంటావో ముందే చెప్పమన్నాను. అక్క పొడి డబ్బా మూత బిగించింది. “దసరా లోపు గడ్డ మెత్తబడకపోతే వస్తాలే,” అంది. నేను గెలిచాననుకుని బస్సెక్కాను. దసరా వెళ్ళింది. విజయవాడలో అమ్మవారి కొండ మీద జనం తగ్గారు, గడ్డ తగ్గలేదు. ఫోన్ చేస్తే, “కార్తీకం కూడా చూద్దామే, పొడిలో ఏదో వేరు మార్చారంట,” అంది. గీత చెరిపి అవతల గీసుకుంది. అక్కడ తను ఆడడానికి కూర్చోలేదు; పాస్టరు గారి మాట నాకు అప్పుడు అర్థమైంది. నేను అరిచాను, ఫోన్ పెట్టేశాను, మళ్ళీ చేశాను, ఏడ్చాను. బతిమాలాను కూడా. తర్కం నమ్ముకుని బతికినదాన్ని చివరికి ఒట్టు పెట్టే స్థితికి వచ్చాను. నా మీద ఒట్టు అక్కా, ఒక్కసారి రా అన్నాను. నా వాదనలకి కదలని మనిషి ఆ ఒట్టుకి కదిలింది. ఇన్నేళ్ళ నా రాతలన్నిటి మీదా అంతకంటే కఠినమైన విమర్శ నేనెక్కడా చదవలేదు.

విజయవాడలో ఆ డాక్టరు గది బయట బల్ల మీద కూర్చున్నాం. మా ముందు ఒకావిడ లోపలికి వెళ్ళింది. కాసేపటికి తలుపు లోపల్నుంచి డాక్టరు కేకలు బయటికి వినిపించాయి. “బుద్ధుందా అమ్మా నీకు? రమ్మన్న రోజు రాకుండా పెళ్ళిళ్ళకి తిరుగుతావా? ఏమయ్యా, నువ్వయినా చెప్పొద్దా ఆవిడకి? ఇంకోసారి ఇలా చేస్తే నా గుమ్మం ఎక్కొద్దు!” ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది. వెనక మొగుడు చీటీ పట్టుకుని, తిట్లు తిన్న పిల్లాడిలా నవ్వుతున్నాడు. అక్క వాళ్ళిద్దరినీ లిఫ్టు దాకా చూసింది.

మేము వెళ్ళాం. ఆయన పాత కాగితాలు చూశాడు, కొత్త స్కాను చూశాడు, అక్కని పరీక్ష చేశాడు. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగాడు. అక్క ఏదీ దాచలేదు. పొడి, తేనె, దసరా, కార్తీకం, అన్నీ క్లాసులో పాఠం చెప్పినంత వరసగా చెప్పింది. నేను ఎదురుచూశాను. నేను తిట్టలేకపోయిన తిట్లు ఆయన తిట్టాలని, బల్ల గుద్దాలని, చదువుకున్నదానివేనా అని అడగాలని, అక్క ఏడవాలని, ఆ ఏడుపుతో అంతా ఒక దారిన పడాలని. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పర్వాలేదమ్మా. నొప్పికి మందులు రాస్తాను, నిద్ర పడుతుంది. ఏది తినాలనిపిస్తే అది తినండి. పథ్యాలేం వద్దు.” నా వైపు తిరిగి, “మీరేమవుతారండీ?” అన్నాడు. చెల్లెలినన్నాను. “దగ్గరే ఉంటారా? మంచిదండీ,” అన్నాడు. లేచి తలుపు దాకా వచ్చి, తలుపు తనే తీసి పట్టుకున్నాడు.

కారు బందరు రోడ్డెక్కింది. బెంజి సర్కిల్ దాటింది. అక్క మందుల కవరు ఒళ్ళో పెట్టుకుని దాని మడత సరిచేస్తోంది.

“ఆయన నన్ను తిట్టలేదే,” అంది.

“మంచాయనలే అక్కా. పెద్దదానివని గౌరవం.”

“ఇందాకటావిడకీ నా వయసే ఉంటుంది.”

“టీచర్‌వని తెలిసిందిగా. టీచర్లంటే అందరికీ ఓ మర్యాద.”

“కాగితం మీద ఎక్కడుంది ఆ సంగతి? నేనూ చెప్పలేదు.”

“పొద్దున్నుంచీ అరిచి అలిసిపోయుంటాడు. మన వంతు వచ్చేసరికి ఓపిక అయిపోయింది.”

అక్క నా వైపు తిరిగింది. నేను ఇంకా చెప్పుకుపోయాను. ఒక్కో డాక్టరుది ఒక్కో తీరని, ఆడవాళ్ళిద్దరమే వచ్చామని జాలిపడ్డాడని, ఏదో ఒకటి. నోటికి వచ్చినవన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆ మనిషిది కూడా ఇంతే మెత్తని గొంతు.

చిన్నప్పటి నుంచి నేనొక తప్పు మాట అంటే అక్క భోజనం మధ్యలోనైనా ఆగి సరిదిద్దేది. ఆ రోజు తను నా చేతి మీద చేయి వేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఊఁ, అలాగే అయ్యుంటుందిలే,” అంది.